హాల్లో టైల్స్, వరండాలో తాండూరు బండలు: తలుపు దగ్గర తేడా రాకుండా వేసుకునే పద్ధతి

మా నాన్న బేతంచెర్ల వైపు బండలు పరిచే మేస్త్రీ. ఆయన దగ్గర మాలు, అంటే సిమెంటు ఇసుక ముద్ద, కలుపుతూ పని నేర్చుకుని, హైదరాబాద్ వచ్చాక టైల్స్ పనిలో పడ్డాను. రెండు పనులూ వచ్చు కాబట్టి చెబుతున్నాను: హాలు బాగానే వస్తుంది, వరండా బాగానే వస్తుంది, రెండూ కలిసే తలుపు దగ్గరే చెడుతుంది.

ఒకసారి నా చేతుల మీదే చెడింది. హాలు నేను వేశాను, వరండా ఇంకో మేస్త్రీ వేశాడు. ఎవరి మట్టం వాళ్లది. వరండా బండ హాలు టైల్ కంటే అంగుళం ఎత్తు తేలింది. ఆ పక్క తలుపుకు గడప లేదు. మొదటి వానకే నీళ్లు సోఫా కిందికి వచ్చాయి. ఆ ఇంటి పెద్దావిడ ఒక్క మాట అనలేదు, పాత చీర తెచ్చి తుడుచుకుంటూ కూర్చుంది. దానికన్నా తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి నా లెక్క పైనుంచి కిందికి. ముందు నేల ఎక్కడ ఆగాలో తేల్చుకుంటాను, తర్వాతే సిమెంటు. గాలి బుడగ లేకుండా నీళ్లు నింపిన ట్యూబ్‌తో హాలు, వరండా గోడలన్నిటి మీదా ఒకే మట్టానికి గీత పెట్టాలి. ఆ గీత నుంచి సరిగ్గా 3 అడుగులు కిందికి హాలు టైల్ పైభాగం. వరండా బండ తలుపు దగ్గర దానికంటే అరంగుళం కింద ఉండాలి. ఇప్పుడు మందం చూడండి. టైల్ 10 మి.మీ., కింద దాన్ని అంటించే అడ్హెసివ్ 5 మి.మీ., మొత్తం 15. బండ 25 మి.మీ., కింద మాలు 35 మి.మీ., మొత్తం 60. పైన అరంగుళం తేడా కూడా కలుపుకుంటే వరండా కాంక్రీటు హాలు కాంక్రీటు కంటే దాదాపు రెండుంబావు అంగుళాలు కిందికి ఉండాలి. ఇది కాంక్రీటు పోసే రోజే చెప్పాల్సిన మాట. టైల్స్ దిగాక చెబితే కాంక్రీటు చెక్కే చిప్పింగ్ మిషన్ తెప్పించుకోవడమే.

తర్వాత వరసలు. 12 అడుగుల హాలు అంటే 3658 మి.మీ. 600 మి.మీ. టైల్, 2 మి.మీ. జాయింట్ చొప్పున గోడ మూల నుంచి మొదలుపెడితే ఆరు టైల్స్ పడతాయి, అవతలి గోడ దగ్గర నాలుగున్నర సెంటీమీటర్ల పీలిక మిగులుతుంది. దాన్ని కోయడమూ కష్టమే, చూడడమూ కష్టమే. అదే మధ్యలో అయిదు నిండు టైల్స్ పెట్టుకుంటే రెండు పక్కలా సగం దాటిన ముక్కలు, ఒక్కోటి 32 సెంటీమీటర్లు వస్తాయి. వరసకు దాదాపు ఒక టైల్ ఎక్కువ ఖర్చవుతుంది, అవనివ్వండి. సిమెంటు ముట్టుకోకముందే ఒక వరస పొడిగా పేర్చి, తలుపులో నిలబడి చూడండి.

గోడను నమ్మి దారం కట్టకండి. గోడలు మూలమట్టానికి, అంటే సరిగ్గా లంబకోణంలో, ఉండడం నేను చూసింది తక్కువ. తలుపు మధ్య నుంచి ఒక దారం, దానికి అడ్డంగా ఇంకోటి. రెండూ కలిసే చోటు నుంచి ఒకదాని మీద 3 అడుగులు, రెండోదాని మీద 4 అడుగులు గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య కచ్చితంగా 5 రావాలి. చోటుంటే 6, 8, 10 పెట్టుకోండి, తప్పు తొందరగా దొరుకుతుంది.

టైల్ కింద నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి నొక్కేవాళ్లను పనిలోంచి పంపేయండి. పళ్ల తాపీతో అడ్హెసివ్ ఒకే దిక్కుగా గీరి, టైల్ వెనక కూడా పల్చగా పూయాలి. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదు, దాన్ని నానబెట్టడం వృథా. పక్కపక్క టైల్స్ అంచులను ఒకే ఎత్తులో పట్టి ఉంచే క్లిప్పులు, వెడ్జులు మంచివే, కానీ కింద ఖాళీ ఉంటే అవేమీ చేయలేవు. జాయింట్ మీద గోరు అడ్డంగా లాగండి. గోరు తగిలితే ఎత్తుపల్లం ఉన్నట్టే. 2x4 అడుగుల టైల్స్‌ను సగానికి సగం జరిపి వేయమని అడుగుతారు. వద్దని చెబుతాను. పొడుగు టైల్‌కు మధ్యలో కాస్త వంపు ఉంటుంది, పక్క టైల్ చివర ఆ వంపు దగ్గరే పడి అంచు లేస్తుంది. మూడో వంతు జరిపితే చాలు.

బండల పని వేరు. ఒకే లోడులో ముప్పావు అంగుళం బండా ఉంటుంది, అంగుళం బండా ఉంటుంది. ముందు మందం చూసి వేరు చేయండి. అన్నిటికన్నా మందమైన బండ మట్టం చెబుతుంది, పల్చటి వాటికి మాలు ఎక్కువ పెట్టుకుంటాం. నాన్న ఏ బండనూ ఒక్కసారికి వదిలేవాడు కాదు. మాలు మీద పెట్టి, రబ్బరు సుత్తితో తట్టి, మళ్లీ పైకెత్తి కింద అచ్చు ఎక్కడ పడలేదో చూసేవాడు. ఆ గుంటలో పిడికెడు మాలు వేసి, సిమెంటు పాలు పోసి అప్పుడు దించేవాడు. రోజుకు నాలుగు బండలు తక్కువ పడేవి. వరండాకు 8 అడుగులకు ఒక అంగుళం వాటం (వాలు) బయటికి ఇవ్వాలి. ఇంటాయన ఈశాన్యం వైపు ఇమ్మంటాడు, నీళ్ల గొట్టమేమో ఇంకో మూల ఉంటుంది. ఈ పంచాయితీ దారం కట్టకముందే తెంపుకోండి.

ఇక రెండూ కలిసే చోట. టైల్ 600 మి.మీ., బండ 22 అంగుళాలు. జాయింట్లన్నీ ఎదురెదురుగా రావాలని చూస్తే పిచ్చెక్కుతుంది. తలుపు మధ్య జాయింట్ ఒక్కటీ కలపండి. తలుపు కింద నాలుగంగుళాల నల్ల కడప రాయి పట్టీ వేస్తే మిగతా తేడా ఎవరి కంటా పడదు.

మర్నాడు క్లిప్పులు జాయింట్ పొడుగునే తన్ని విరగ్గొట్టండి, అడ్డంగా తంతే అంచు చిట్లుతుంది. ఆ తర్వాత తాపీ పిడితో ప్రతి టైల్ నాలుగు మూలలూ, మధ్యలో తట్టి వినండి. డొల్లగా పలికినదాన్ని జాయింట్లలో గ్రౌట్ నింపకముందే పీకితే ఒక్క టైల్‌తో పోతుంది. నింపాక పీకితే చుట్టూ ఉన్నవాటి అంచులు కూడా లేచిపోతాయి.