పాతకాలపు దిగుమతి స్పోర్ట్స్ కారు తొలి ధర – మూడవ పాఠం: ధరలో కలిసిన పన్నును విడదీయడం

మొదటి పాఠంలో చాసిస్ నంబరును బట్టి కారు ఏ సంవత్సరపుదో, ఏ రకానిదో నిర్ధారించుకున్నాం. రెండవ పాఠంలో ఆనాటి ధరల పట్టికలు, మోటారు పత్రికల పరీక్షా నివేదికలు, అమ్మకపు రసీదులు ఎక్కడ దొరుకుతాయో చూశాం. ఇప్పుడు మీ చేతిలో ఒక అంకె ఉందనుకుందాం. రిజిస్ట్రేషన్ పన్ను దరఖాస్తులో దానిని ఉన్నది ఉన్నట్టుగా రాయకూడదు. ఆ అంకె ఏ దేశపు ధర, ఏ నెల ధర, అందులో ఏ పన్నులు కలిసి ఉన్నాయి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికే వరకు అది ధర కాదు, ధరకు ఒక ఆధారం మాత్రమే.

ఈ శ్రమ ఎందుకో ఒక్క మాటలో గుర్తు చేసుకుందాం. డెన్మార్క్ వంటి దేశాలలో 35 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కారుకు పన్నును ఇప్పటి మార్కెట్ విలువపై కాకుండా, అది కొత్తగా ఉన్నప్పటి ధరలో ఒక భాగంపై లెక్కించే వీలుంది. నేడు వేలంలో భారీ మొత్తం పలికే కారుకు ఆనాటి ధర చాలా తక్కువ కాబట్టి, ఈ అంకెను రుజువు చేయగలగడం యజమానికి ఎంతో మేలు చేస్తుంది. అధికారి దానిని నిశితంగా పరీక్షించడానికి కారణం కూడా అదే.

ఉదాహరణకు 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో వెలుగు చూసిన జాగ్వార్ ఈ-టైప్‌ను తీసుకుందాం. బ్రిటన్‌లో దాని ఓపెన్ టూ-సీటర్ (పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల రకం) ధర 2,097 పౌండ్ల 15 షిల్లింగుల 10 పెన్నీలు. అప్పటి పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. 1971 ఫిబ్రవరి వరకు ఈ పద్ధతే సాగింది కాబట్టి, అంతకు ముందరి పత్రాలను చదివేటప్పుడు మొదట దశాంశంలోకి మార్చుకోవాలి. 15 షిల్లింగుల 10 పెన్నీలంటే పౌండులో 0.79 వంతు. కనుక మన అంకె 2,097.79 పౌండ్లు.

ఇందులో కొనుగోలు పన్ను కలిసి ఉంది. ఆ సమయంలో దాని రేటు 50 శాతం. కొత్తగా నేర్చుకునేవారు చాలామంది ఇక్కడే తొందరపడి మొత్తాన్ని 1.5తో భాగిస్తారు. అప్పుడు 1,398.53 పౌండ్లు వస్తుంది. కానీ తయారీదారు ప్రకటించిన మూల ధర, అంటే పన్ను కలపని ధర, 1,480 పౌండ్లు. తేడా 81 పౌండ్లు దాటింది. కారణమేమిటంటే, బ్రిటన్ కొనుగోలు పన్నును చిల్లర ధరపై కాక టోకు ధరపై వేసేవారు. ఈ కారు విషయంలో పన్ను వేసిన విలువ మూల ధరలో ఆరింట ఐదు వంతులకు సరిపోతుంది. అంటే 1,480లో ఆరింట ఐదు వంతులైన 1,233.33 పౌండ్లపై 50 శాతం, అనగా 616.67 పౌండ్లు. దానికి మరో 1.125 పౌండ్లు, అంటే 1 పౌండు 2 షిల్లింగుల 6 పెన్నీలు, కలిపితే పన్ను 617.79 పౌండ్లవుతుంది. మూల ధరతో కూడితే ప్రకటిత ధర పెన్నీతో సహా సరిపోతుంది.

ఈ లెక్కను తిరగేసి చేయగలగడమే ఈ పాఠంలో అసలు నైపుణ్యం. మూల ధర తెలియనప్పుడు, మొత్తం ధర నుంచి 1.125 తీసివేసి, మిగిలినదానిని 12తో గుణించి 17తో భాగించండి. 12, 17 ఎక్కడివంటే, మూల ధర 12 భాగాలైతే పన్ను 5 భాగాలు, రెండూ కలిసి 17 భాగాలు. 2,096.67ను 12తో గుణించి 17తో భాగిస్తే 1,480 వస్తుంది. అయితే ఈ సూత్రం 50 శాతం రేటు ఉన్న కాలానికే వర్తిస్తుంది. 1961 జూలైలో ఆ రేటు 55 శాతానికి పెరిగింది. 1962 నవంబరులో 25 శాతానికి దిగింది. జాగ్వార్ సంస్థ తన మూల ధరను ఒక్క పెన్నీ కూడా మార్చకపోయినా, కొనుగోలుదారు చెల్లించే మొత్తం మాత్రం మారిపోయేది. కాబట్టి ‘1961 ధర’ అన్న మాటకు అర్థం లేదు, నెల కూడా కావాలి. నా ఉద్దేశంలో దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యే కారణాలలో ఇది ముఖ్యమైనది: సంవత్సరం సరిగానే ఉంటుంది, నెలకు మాత్రం రుజువు ఉండదు.

అన్ని దేశాల ధరలనూ ఇలా విప్పడం సాధ్యం కాదు. పశ్చిమ జర్మనీలో 1968 జనవరి 1న విలువ ఆధారిత పన్ను 10 శాతంతో మొదలైంది, అదే ఏడాది జూలైలో 11 శాతమైంది. ఆ రేట్లు అమలులో ఉన్న కాలపు పోర్షె ధరను నెల చూసుకుని 1.10తోనో 1.11తోనో భాగిస్తే సరిపోతుంది. అంతకు ముందు మాత్రం ఉత్పత్తిలోని ప్రతి దశలోనూ అమ్మకపు పన్ను పడి, ఒకదానిపై ఒకటి పేరుకుపోయేది. అలాంటి ధర నుంచి పన్నును శుభ్రంగా వేరు చేసే సూత్రం లేదు. 29,000 జర్మన్ మార్కులకు అమ్మిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ గల్‌వింగ్ ఇందుకు ఉదాహరణ. అక్కడ ప్రకటిత ధరనే చూపి, పన్నును ఎందుకు విడదీయలేదో ఒక వాక్యంలో వివరించడం నిజాయితీ గల మార్గం.

అమెరికా నుంచి వచ్చే కార్లకు మరో చిక్కు ఉంది. 1958 నాటి చట్టం ప్రకారం కొత్త కారు కిటికీకి ధరల చీటీ అంటించడం తప్పనిసరి అయింది. ఆ చట్టానికి కారకుడైన సెనేటర్ మన్రోనీ పేరుతోనే ఆ చీటీని పిలుస్తారు. అది దొరికితే అదృష్టమే, ఎందుకంటే అదనపు పరికరాల ధరలు ఒక్కొక్కటిగా అందులో కనిపిస్తాయి. కానీ ఐరోపా కారు విషయంలో ఆ అంకెలో ఓడ రవాణా, సుంకం, దిగుమతిదారు లాభం కలిసి ఉంటాయి. దానిని కర్మాగార ధరగా చూపితే మీ పన్ను మీరే పెంచుకున్నట్టవుతుంది. రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను మాత్రం ఆ చీటీలోకి రాదు, దానిని మళ్లీ తీసివేయకండి.

ఇక మారకపు రేటు. నేటి రేటుతో పాత ధరను మార్చకూడదన్నది అందరికీ తెలిసిందే అయినా, ఆనాటి రేటును కూడా తేదీ చూసి తీసుకోవాలి. పౌండు 1949 సెప్టెంబరు నుంచి 1967 నవంబరు వరకు 2.80 డాలర్లు, ఆ తరువాత 2.40 డాలర్లు. డాలరుకు 4.20గా ఉన్న జర్మన్ మార్కు 1961 మార్చిలో 4.00కు, 1969 అక్టోబరులో 3.66కు మారింది. అంటే మన 1,480 పౌండ్లు 4,144 డాలర్లకు సమానం. ద్రవ్యోల్బణం కలిపి చూపే అంకెల జోలికి మాత్రం పోవద్దు. చట్టం అడిగేది ఆనాడు చెల్లించిన ధరను, దాని నేటి కొనుగోలు శక్తిని కాదు.

అభ్యాసం: అదే 1961 మార్చిలో ఈ-టైప్ కూపే (స్థిరమైన పైకప్పు గల రకం) ధర 2,196 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు. మూల ధర కనుక్కోండి. మీకు 1,550 పౌండ్లు రావాలి. తరువాత అదే మూల ధరకు 55 శాతం రేటుతో పన్ను లెక్కించి, ఏప్రిల్‌లో కొన్నవారికీ ఆగస్టులో కొన్నవారికీ ఎంత తేడా పడిందో రాసుకోండి. కొనుగోలుదారు కోరి పెట్టించుకున్న అదనపు పరికరాలను ఈ ధరకు ఎలా కలపాలో, రిజిస్టర్ చేయించే దేశంలో ఆ కారు ఎన్నడూ అమ్మకానికి రాకపోతే ఏ కారుతో పోల్చాలో నాలుగవ పాఠంలో.