పని రాని యాభై చేతులతో ఇల్లు కట్టడం ఎలా?

తాపీ ఎప్పుడూ ముట్టుకోని పాతికమంది పొద్దున్నే వచ్చి స్థలం దగ్గర నిలబడతారు. ఉత్సాహానికి కొదవ లేదు, ఇటుకను ఎలా పట్టుకోవాలో మాత్రం తెలియదు. వీళ్లతోనే గూడు లేని ఒక కుటుంబానికి ఇల్లు కట్టాలి. కట్టవచ్చు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 1976లో మిలార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు ప్రారంభించిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సేవాసంస్థ ఇలాంటి చేతులతోనే దేశదేశాల్లో ఇళ్లు కట్టింది. 1984లో మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ కూడా న్యూయార్క్‌లో ఆరంతస్తుల పాత భవనాన్ని బాగుచేసే పనిలో వాళ్లతో చేరారు. అయితే కార్టర్‌కు వడ్రంగం వచ్చు. మన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అదీ రాదు. అందుకే పని ఎవరు చేస్తారన్నదానికన్నా, చేసిన పనిని ఎవరు చూస్తారన్నది ముందు తేల్చుకోవాలి.

మొదట: అడగండి, తర్వాత గీయండి

"ఇల్లు కావాలా?" అని అడిగితే ఎవరైనా కావాలనే అంటారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. వాన పడితే నీళ్లు ఎటునుంచి వస్తాయి? పొయ్యి ఎక్కడ పెట్టుకుంటారు, పొగ ఎటు పోవాలి? మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు ఉన్నారా? ఒకసారి మేము కట్టిన మరుగుదొడ్ల వరస నెలల తరబడి ఎవరూ వాడకుండా ఉండిపోయింది. గోడలు బాగున్నాయి, నీళ్లున్నాయి. తలుపులు మాత్రం నలుగురూ నడిచే దారివైపు పెట్టాం. ప్లాను గీసిన నలుగురం మగవాళ్లమే; ఆడవాళ్లను ఒక్క మాట అడిగి ఉంటే ఆ తలుపులు అటు తిరిగేవి కావు.

స్థలం ఎవరి పేరు మీద ఉందో కాగితం చూడకుండా పలుగు ఎత్తవద్దు. నిర్మాణ అనుమతి, నేల స్వభావం, పునాది లోతు ఇంజినీరు తేల్చాల్సిన విషయాలు. ఆయన సంతకం పెట్టిన నక్షా లేకుండా ఎంత మంచి మనసుతో మొదలుపెట్టినా అది ప్రమాదకరమైన పనే.

రెండోది: ఆ ఇంట్లో ఉండబోయేవారినీ పనిలోకి తీసుకోండి

క్లారెన్స్ జోర్డాన్ మరికొందరితో కలిసి 1942లో జార్జియాలోనే నెలకొల్పిన కొయినోనియా ఫార్మ్ అనే క్రైస్తవ సామూహిక వ్యవసాయ క్షేత్రంలో ఫుల్లర్ దంపతులు కొన్నాళ్లు ఉన్నారు. హ్యాబిటాట్ ఆలోచన అక్కడ పుట్టిందే. కుటుంబం తన ఇంటికోసం తానూ కొన్ని వందల గంటలు పనిచేస్తుంది. ఇంటి ఖర్చును, సంస్థ లాభం చూసుకోని వాయిదాల్లో తీరుస్తుంది. ఇందులో నాకు నచ్చేది డబ్బు లెక్క కాదు. మోర్టారు (సిమెంటు, ఇసుక, నీళ్ల మిశ్రమం) కలిపిన మనిషికి తన గోడలో ఏముందో తెలుస్తుంది, రేపు పగులు వస్తే ఏం చేయాలో కూడా తెలుస్తుంది. అనారోగ్యంతో ఉన్నవాళ్లను, చంటిపిల్లల తల్లులను గంటల లెక్కతో వేధించకండి. హాజరు పుస్తకం రాయడం, సామాను లెక్క చూడటం కూడా పనే.

మూడోది: మేస్త్రీని పెట్టండి, కూలి ఇవ్వండి

ఐదారుగురు కార్యకర్తలకు ఒక మేస్త్రీ ఉండాలి. ఇంతకు మించితే ఆయన పని చూడలేడు, అరుస్తూ తిరుగుతాడు. సేవ పేరు చెప్పి ఆయన చేత ఉచితంగా చేయించవద్దు. అందరూ సెలవు పెట్టుకుని వస్తే ఆయన పొట్టకూటికోసం వస్తాడు. ఆయన మాటే చివరి మాట అని మొదటి రోజే అందరి ముందు చెప్పండి. పెద్ద ఉద్యోగాల్లో ఉన్న కార్యకర్తలకు ఇది కాస్త కష్టంగా ఉంటుంది, అలవాటవుతుంది.

ఇంకొక లెక్క కూడా వేసుకోండి. దూరం నుంచి వచ్చేవాళ్ల ప్రయాణ ఖర్చుతో ఆ ఊళ్లోనే పని లేకుండా ఉన్న తాపీ పనివాళ్లకు ఎన్ని రోజుల కూలి వస్తుంది? జవాబు ఇబ్బందిగా ఉంటే మనుషులను తక్కువ పిలవండి.

సామాను స్థలానికి చేరాకే తేదీ ప్రకటించండి. ఇసుక రాని రోజు పాతికమంది చెట్టుకింద కూర్చుంటారు, మరుసటి వారం పదిమందే వస్తారు.

నాలుగోది: మూల సరిగా తీయండి

మొదటి రోజు పనిలో అందరికీ అర్థమయ్యేది, అందరూ మురిసిపోయేది ఇదే. ఒక మేకు పాతి, అక్కడి నుంచి రెండు దారాలు లాగి, ఒకవైపు 3 మీటర్లు, రెండోవైపు 4 మీటర్లు కొలవండి. ఆ రెండు చివరల మధ్య దూరం సరిగ్గా 5 మీటర్లు వస్తే మూల నిక్కచ్చిగా 90 డిగ్రీలు. రాకపోతే రెండో దారాన్ని జరపండి. నాలుగు మూలలూ అయ్యాక గది రెండు కర్ణాలూ కొలవండి, రెండూ సమానంగా రావాలి. వేలెడు తేడా ఉన్నా ఫరవాలేదనుకుంటే, ఆ తేడా చివరికి పైకప్పు దగ్గర బయటపడుతుంది. తర్వాత సున్నంతో ముగ్గు పోయండి.

మట్టం చూడటానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పారదర్శకమైన సన్నని పైపులో నీళ్లు నింపి రెండు చివరలూ పైకెత్తి పట్టుకుంటే, రెండుచోట్లా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. పైపులో గాలి బుడగ ఉంటే మాత్రం అది అబద్ధం చెబుతుంది. వేలితో తట్టి బుడగలన్నీ బయటికి పంపాకే గీత పెట్టండి.

ఐదోది: నీళ్లు ఎంత పోయాలో నేర్పండి

కొత్తవాళ్ల చేతుల్లో ఇల్లు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మోర్టారు కలుపుతుంటే పార బరువుగా ఉంటుంది. ఇంకో చెంబు నీళ్లు పోస్తే తేలికవుతుంది. పోస్తారు. కాంక్రీటుతోనూ అంతే. సిమెంటుకు అవసరమైనదానికన్నా ఎక్కువైన నీరు ఆరిపోయి లోపల సన్నని రంధ్రాలు మిగులుస్తుంది, బలం తగ్గిపోతుంది. అందుకని నీళ్ల బకెట్ దగ్గర ఒకే మనిషిని నిలబెట్టండి, ఇంకెవరినీ పోయనివ్వకండి. సిమెంటు, ఇసుక పాళ్లు పార లెక్కన కాకుండా ఒకే కొలత పెట్టెతో వేయించండి. నీళ్లు కలిపిన మోర్టారు గంటలోపు వాడేయాలి. గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచడం పనికిరాదు.

ఇటుకలకు మాత్రం నీళ్లు పట్టించాలి. ఎండిన మట్టి ఇటుకను తొట్టిలో వేస్తే గాలి బుడగలు బుసబుసమంటూ పైకి వస్తాయి. బుడగలు ఆగే దాకా ఉంచి, తీసి, పైతడి ఆరనివ్వండి. ఎండు ఇటుక మోర్టారులోని నీటిని పీల్చేసుకుంటుంది, అప్పుడు ఆ కీలు (ఇటుకల మధ్య మోర్టారు అతుకు) సరిగా పట్టదు. వరసల మధ్య సుమారు 10 మిల్లీమీటర్ల కీలు, పైవరస ఇటుక కిందివరస కీలు మీదికి రావడం, కట్టిన దారానికి ఇటుక తాకకుండా వెంట్రుకంత దూరంలో ఉండటం, ఈ మూడూ చాలు. ఒక్కరోజులో గోడను మీటరున్నర మించి లేపవద్దు. వంకర వచ్చిందని మేస్త్రీ అంటే ఆ వరస విప్పించండి. కట్టినవాళ్ల ముఖం చిన్నబోతుందని వదిలేస్తే, ఆ గోడ కింద పడుకునేది వాళ్లు కాదు.

ఆరోది: కొన్ని పనులు చేతికివ్వకండి

స్లాబు సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే తాత్కాలిక ఆధారం), ఇనుము కట్టడం, కరెంటు వైరింగ్, పరంజా కట్టడం పని వచ్చినవాళ్లే చేయాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను ఎత్తులోకి ఎక్కించవద్దు. నిచ్చెన నాలుగు మీటర్ల ఎత్తుకు చేరితే దాని అడుగు గోడనుంచి ఒక మీటరు దూరంలో ఉండాలి. హెల్మెట్, మూసిన బూట్లు లేనివారికి ప్రవేశం లేదు. తడి సిమెంటుకు క్షారగుణం చాలా ఎక్కువ, చర్మాన్ని కాలుస్తుంది. మంట అప్పుడే తెలియకపోవచ్చు, సాయంత్రానికి తెలుస్తుంది. చేతులకు తొడుగులు వేయించండి, బూటులోకి పోతే వెంటనే విప్పి కడగమనండి. ఇటుకలు విసరడం చూడటానికి బాగానే ఉంటుంది, కానీ విసరకండి. వరసలో నిలబడి చేతికి చేయి అందించండి.

ఏడోది: తడిపే మనిషిని ముందే రాసుకోండి

గోడలు లేచాక అందరూ ఫొటో దిగి వెళ్లిపోతారు. కాంక్రీటు మాత్రం ఇంకా పసిదే. కనీసం ఏడు రోజులు ఎండిపోకుండా తడపాలి. నక్షాలో వేసుకున్న బలాన్ని ఇంజినీర్లు లెక్కకట్టేది 28 రోజుల దగ్గర. ఆదివారం వచ్చిన గుంపు మంగళవారం మధ్యాహ్నం బకెట్ పట్టుకోవడానికి రాదు. అందుకే పని మొదలుకాకముందే ఏ రోజు ఎవరు ఉదయం తడుపుతారో, ఎవరు సాయంత్రం తడుపుతారో పేర్లతో కాగితం రాసి గోడకు అంటించండి. స్లాబు మీద తడి గోనెసంచులు పరిస్తే తేమ ఎక్కువసేపు నిలుస్తుంది. సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో ఇంజినీరు చెబుతారు. ప్రారంభోత్సవం తేదీని బట్టి విప్పవద్దు.

చివరగా: తాళం చేతిలో పెట్టాక మళ్లీ వెళ్లండి

తాళంతోపాటు నక్షా కాపీ, నీటి పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో గీసిన కాగితం, మేస్త్రీ ఫోన్ నంబరు ఇవ్వండి. మొదటి వానాకాలం గడిచాక తప్పకుండా వెళ్లండి. గోడ అడుగున చెమ్మ, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు చూడండి. సన్నని పగులు కనిపిస్తే కంగారుపడి పూసేయవద్దు. రెండు చివరలా పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన ఆ రోజు తేదీ వేయండి. నెలకోసారి చూడమని ఇంటివాళ్లకు చెప్పండి. పగులు గీత దాటితే ఇంజినీరును వెంటబెట్టుకుని రండి.