పొన్నంగి పిట్టను చూడాలంటే ఎలా? తిరుపతి పార్కులో ఒక ఉదయం

అక్టోబరు రెండో వారం దాటితే కొండ దిగువన తెల్లవారుజాము మారిపోతుంది. గోరింకలు, పిగిలిపిట్టలు అరిచే చోట కొత్తగా రెండు స్వరాల ఈల ఒకటి వినిపిస్తుంది. హిమాలయాల దిగువన, మధ్య భారతంలోని అడవుల్లో పిల్లలను పెంచుకుని, రాత్రుళ్లు ప్రయాణం చేస్తూ మన దాకా వచ్చిన పొన్నంగి పిట్ట అది. ఉదయం, సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో పిలుస్తుంది కాబట్టి మన పొరుగున తమిళులు దాన్ని ‘ఆరుమణి కురువి’ అంటారు. ఏడున్నరకు వచ్చి ‘ఏమీ లేవండీ’ అని తిరిగి వెళ్లేవాళ్లను ఏటా చూస్తున్నాను. ఐదూ ముప్పావుకల్లా చెట్ల కింద ఉండండి.

చోటు విషయంలో ఒకటే నియమం: రాలిన ఆకులు ఊడ్చేయని చోటుకు వెళ్లండి. ఎస్వీ యూనివర్సిటీలో పాత చెట్ల కింద, కపిలతీర్థం పరిసరాల్లో, అలిపిరి వైపు కొండను ఆనుకున్న తోటల్లో అలాంటి మూలలు ఉంటాయి. నున్నగా కత్తిరించిన పచ్చికలో పొన్నంగికి తిండి ఉండదు. ఆకుల కింది పురుగులు, వానపాములే దాని ఆహారం. రాత్రి వాన పడిందని మానుకోకండి, వాన వెలిసిన మర్నాడే తప్పక వెళ్లాలి.

8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు), చిన్న నోటుపుస్తకం, పెన్సిలు చాలు. 10 రెట్లు పెద్దగా చూపించేది కొనకండి, చేతి వణుకును కూడా అన్ని రెట్లు చూపిస్తుంది. చొక్కా తెల్లనిది వద్దు. కెమెరా మొదటి ఏడాది ఇంట్లోనే ఉండాలి. సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడండి, ఇరవై అడుగులు నడిచి పది నిమిషాలు ఆగండి.

ఇక అందరూ తప్పు చేసే చోటుకు వద్దాం: బైనాక్యులర్ కళ్లకు ఎత్తడం. పిట్ట కనబడగానే చాలామంది తల వంచి, చేతిలోని బైనాక్యులర్‌ను చూసి, దాన్ని కళ్లకు పెట్టుకుని, ఆ తర్వాత పిట్ట కోసం చెట్టంతా వెతుకుతారు. అంతలో అది వెళ్లిపోతుంది. చూపు పిట్ట మీది నుంచి ఒక్క క్షణం కూడా తొలగకూడదు. మెడ కదలకూడదు, రెప్ప వేసినా చూపు అక్కడే ఉండాలి. చేతులు మాత్రమే నిదానంగా పైకి రావాలి, బైనాక్యులర్ మీ చూపుకు అడ్డంగా వచ్చి నిలవాలి. అప్పుడు పిట్ట సరిగ్గా మధ్యలో ఉంటుంది.

ఇది చదివితే రాదు. వారం రోజులు మేడ మీద నిలబడి ఎదురింటి నీళ్ల ట్యాంకు కుళాయి మీద సాధన చేయండి. వరసగా పదిసార్లు మొదటి ప్రయత్నంలోనే కుళాయి దొరికే దాకా పార్కుకు రావద్దు. మెడలో పట్టీ బొడ్డు దాకా వేలాడకూడదు, బైనాక్యులర్ రొమ్ము మీద ఆనేంత పొట్టిగా కట్టుకోండి. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు అంచులను లోపలికి తిప్పేయాలి, లేకపోతే సగం దృశ్యమే కనిపిస్తుంది. ఫోకస్ చక్రాన్ని ముందే ఇరవై అడుగుల దూరానికి సరిచేసి ఉంచుకుంటే తర్వాత కొద్దిగా తిప్పితే సరిపోతుంది. పక్కవాళ్లకు చూపించాలని చేయి చాపకండి. చెట్టును గడియారంగా అనుకుని ‘పది గంటల దగ్గర, ఎండుకొమ్మ కింద’ అని మెల్లగా చెప్పండి.

ఇవన్నీ కుదిరిన రోజు పొన్నంగి ఎలా ఉంటుందో చూడండి. రెండు గెంతులు వేసి ఆగుతుంది. ముక్కుతో ఒక ఆకును పక్కకు తోసి కింద చూస్తుంది. పొట్టి తోక కిందికీ పైకీ మెల్లగా కదులుతుంది. కంటి మీదుగా నల్లటి పట్టీ, ఇసుక రంగు రొమ్ము, ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం మెరుపు, తోక కింద కుంకుమ ఎరుపు. హిందీలో ‘నవరంగ్’ అని ఊరికే అనలేదు.

కొందరు ఫోనులో దాని కూత వినిపించి బయటికి రప్పిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వందల కిలోమీటర్లు ఎగిరి, బరువు తగ్గి వచ్చిన పిట్ట తిండి వెతుక్కోవలసిన సమయంలో, ఆ కూతను ఇంకో పొన్నంగిది అనుకుని, లేని శత్రువుతో పోరాడటానికి పరుగెత్తుతుంది. ఒకసారి నా పక్కనే ఒకాయన అలా చేస్తే అది పావుగంట పొద చుట్టూ తిరుగుతూనే ఉంది, ఒక్క పురుగును కూడా ముట్టలేదు. గుర్తుపట్టడానికి, కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ వాడుకోవచ్చు, అయితే ముందు మీ చెవితో విని, రాసుకుని, ఆ తర్వాతే చూడండి.

ఏడు దాటాక తల పైకెత్తండి. పసుపు మెరుపుతో వంగపండు పిట్ట, రిబ్బను తోకతో తోకపిగిలి పిట్ట చెట్ల పైకొమ్మల్లో తిరుగుతుంటాయి. నీటి అంచున తోక ఊపుతూ నడిచేది గ్రే వాగ్‌టెయిల్. వీటిని బైనాక్యులర్‌లో చూడటం కష్టం కాదు. ఎనిమిదిన్నరకు ఎండ ముదిరి కూతలు తగ్గుతాయి.

తేదీ, సమయం, చోటు, ఎన్ని కనబడ్డాయో అక్కడే రాసుకోండి, ఇంటికి వెళ్లాక కాదు. పొన్నంగి పిలిచిన పొద పక్కన చెట్టు ఏదో కూడా రాయండి. కదపకుండా వదిలేస్తే చాలా రోజులు ఆ చుట్టుపక్కలే ఉంటుంది, మర్నాడు నేరుగా అక్కడికే వెళ్లవచ్చు.