బరోక్ సంగీతాన్ని కింది వరుస నుంచి వినే పద్ధతి

పాశ్చాత్య సంగీత చరిత్రలో సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన కాలాన్ని బరోక్ యుగమంటారు. మాంటెవెర్డి, కొరెల్లి, పర్సెల్, వివాల్డి, హాండెల్, బాఖ్ ఆ కాలపువారు. కర్ణాటక సంగీతంలో చెవి పండినవారు కూడా ఈ సంగీతం వినడానికి కూర్చున్నప్పుడు పైస్థాయిలో వయొలిన్ పలికే వరుసను పట్టుకుంటారు. కొంతసేపటికి అది ఎటు పోతున్నదో తెలియక విడిచిపెడతారు. విజయనగరం సంగీత కళాశాల పాఠాలు చెవిన పడుతూ పెరిగిన నాకూ చాలాకాలం అదే జరిగింది. మన సంగీతంలో అడుగున ఉండేది తంబురా. అది కదలదు, కదలకూడదు. బరోక్ సంగీతంలో మాత్రం అడుగున ఉన్నదే నడుస్తుంది, పైన జరిగేదంతా ఆ నడకను బట్టి అర్థమవుతుంది. అందువల్ల కింది వరుసను ముందుగా వినడం అలవాటు చేసుకోవాలి.

ఇందుకు మొదటి అవసరం మంచి ఇయర్‌ఫోన్లు. ఫోను స్పీకరులో మంద్రస్థాయి దాదాపుగా వినబడదు కనుక దానితో ఈ సాధన చేయడం వృథా. ఈ కింది వరుసకు బాసో కంటిన్యువో అని పేరు. ఎడతెగకుండా సాగే మంద్రం అని దాని భావం. చెల్లో వంటి వాద్యం ఆ వరుసను పలుకుతుంటే, హార్ప్సికార్డ్ గాని ఆర్గన్ గాని దానిపై స్వరసముదాయాలను నింపుతుంది. స్వరకర్త కింది స్వరాలను మాత్రమే రాసి వాటికి అంకెలు జతచేసేవాడు. 6 అని ఉంటే ఆ స్వరం మొదలుకొని లెక్కపెట్టగా వచ్చే ఆరో స్వరం ఆ సముదాయంలో ఉండాలని సూచన. దాన్ని ఎలా విస్తరించాలన్నది వాద్యకారుడి మనోధర్మం. ట్రయో సోనాటా అంటే మూడు వరుసల సోనాటా (వాద్యాలకు రాసిన రచన) అయినా వేదికపై సాధారణంగా నలుగురు కనిపించడానికి కారణం ఇదే: మూడో వరుసను ఇద్దరు పంచుకుంటారు.

సాధనను పాకెల్‌బెల్ రాసిన డి మేజర్ కానన్‌తో మొదలుపెట్టండి. తంబురా యాప్‌ను రెండు శ్రుతిలో పెట్టి రికార్డింగుతో కలిపి చూడండి. కలవకపోతే ఒకటిన్నరకు దించండి. ఆ కాలపు పద్ధతిని పాటించే బృందాలు చాలావరకు నేటి ప్రమాణం కన్నా సుమారు అర స్వరం తగ్గించి శ్రుతి చేసుకుంటాయి. షడ్జమం దొరికిన వెంటనే తంబురా ఆపివేయాలి, ఎందుకంటే కింది వరుస మధ్యమానికి, ధైవతానికి వెళ్లినప్పుడు అది అడ్డుపడుతుంది. ఇప్పుడు చెల్లో పలికే ఎనిమిది స్వరాలను వినండి: స ప ద గ మ స మ ప. మొదటి షడ్జమం తరువాతివన్నీ దానికి కింది స్థాయిలో ఉంటాయి. స్వరస్థానాలు ధీరశంకరాభరణానివి, గమకం ఉండదు. నొట్టుస్వరాలు (పాశ్చాత్య బాణీలో కట్టిన పాటలు) నేర్చుకున్నవారికి ఈ ధోరణి కొత్త కాదు. ఈ ఎనిమిది స్వరాలు మొదటి నుంచి చివరిదాకా 28 సార్లు మారకుండా తిరుగుతాయి. ఒక ఆవృత్తం తేడాతో మూడు వయొలిన్లు ఒకదాని తరువాత ఒకటి ప్రవేశించి, ముందు వయొలిన్ పలికినదాన్నే పలుకుతాయి. ఒకే సంగతిని ఆలస్యంగా అందుకొని అనుసరించే ఆ పద్ధతిని కానన్ అంటారు. పై వయొలిన్లను పట్టించుకోకుండా కింది ఎనిమిది స్వరాలను చివరిదాకా మీరే పాడగలిగిన రోజున, వినకుండా వదిలేసిన పై వరుసలు వాటంతట అవే విడివిడిగా వినిపిస్తాయి.

ఇలా తిరిగి తిరిగి వచ్చే కింది వరుసను గ్రౌండ్ బాస్ అంటారు. చాకోన్, పస్సకాలియా అనే రూపాలు దీనికి దగ్గరి చుట్టాలు. పర్సెల్ రచించిన డైడో అండ్ ఈనియస్ అనే ఆపెరాలో నాయిక మరణానికి ముందు పాడే పాట వినండి. అక్కడి కింది వరుస షడ్జమం నుంచి కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం మీదుగా పంచమానికి మెట్టుమెట్టుగా దిగుతుంది. మన రాగలక్షణానికి అలవాటుపడిన చెవి ఆ దిగుడుకు ఉలిక్కిపడుతుంది, ఆ కలవరమే అక్కడి శోకం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన మా విజయనగరం వారికి వయొలిన్‌పై మక్కువ సహజం గనుక బాఖ్ చాకోన్‌ను ముందుగా వినాలనిపిస్తుంది. దాన్ని కొంతకాలం ఆపుకోమని నా మనవి. 1720 నాటి చేతిరాత ప్రతిలో ఉన్న ఆ రచనలో ఉన్నది ఒక్క వయొలిన్ మాత్రమే. కింది వరుస అన్నిచోట్లా పూర్తిగా పలకదు, సగం వినేవారి మనసులోనే సాగుతుంది. పై సాధన అయ్యాక వింటే, నడుమ సాధారణ గాంధారం పోయి అంతర గాంధారం వచ్చే చోటు మీకే తెలుస్తుంది.

తరువాత గ్రహించవలసింది షడ్జమం మారడం. ఒక మేజర్ రచన శంకరాభరణంలా సాగుతూ ఉండగా హఠాత్తుగా ప్రతి మధ్యమం చెవిన పడుతుంది. కల్యాణి వచ్చిందని భ్రమించకండి. పంచమం కొత్త షడ్జమం కాబోతున్నదని దాని అర్థం. మనవారు గ్రహభేదం చేసి చూపి తిరిగి వస్తారు. వీరు అక్కడికి కాపురం మార్చి, కొంతకాలం ఉండి వస్తారు. ఇది పట్టుబడితే నాట్యగీతాల అమరిక సులువుగా బోధపడుతుంది. వాటిలో ప్రతిదీ రెండు భాగాలు. మేజర్ రచనలలో సాధారణంగా మొదటి భాగం పంచమంపై నిలుస్తుంది, రెండోది ఇంటికి చేరుతుంది, ఒక్కొక్క భాగాన్ని రెండేసి సార్లు వాయిస్తారు. ఇటువంటి నాట్యగీతాల మాలను సూట్ అంటారు. అలమాండ్ తకధిమి నడకలో నిదానంగా, కూరాంట్ మూడింటి లెక్కలో సాగుతాయి. సారబాండ్‌ను విలంబంలో తకిట అని చెప్పుకుంటూ ‘కి’పై బరువు ఉంచి వినాలి. చివరి జీగ్ సాధారణంగా తకిట తకిట అంటూ పరుగెత్తుతుంది.

గాత్రరూపాల విషయంలో మనకు చక్కని ఆసరా ఉంది. ఆదిభట్ల నారాయణదాసుగారి ఊరిలో హరికథ ఎలా నడుస్తుందో ఎవరికీ చెప్పనక్కరలేదు. కథను మాటలాగా నడిపేది రెసిటటీవ్, కథ ఆగి భావం పాటగా విచ్చుకునేది ఆరియా. డా కాపో ఆరియాలో మొదటి భాగం, దానికి భిన్నమైన రెండో భాగం, మళ్లీ మొదటి భాగం వస్తాయి. తిరిగి వచ్చినప్పుడు గాయకులు సొంత అలంకారాలు చేర్చాలి, చేర్చకుండా పాడితే ఆ రూపానికి అన్యాయం చేసినట్టే. ముఖ్య వాద్యకారుడూ బృందమూ మార్చి మార్చి వాయించే రచన కన్సర్టో. అందులో మొత్తం బృందం పలికే రిటర్నెల్లో పల్లవిలాగా మళ్లీ మళ్లీ వస్తుంది. అయితే పల్లవి ఎప్పుడూ ఒకే షడ్జమంపై ఉంటుంది. 1725లో అచ్చయిన వివాల్డి నాలుగు రుతువుల కన్సర్టోలలో వసంతం మొదటి భాగం వింటే, నడుమ వచ్చే రిటర్నెల్లో ముక్కలుగా, కొన్నిచోట్ల వేరే షడ్జమంపై కూడా వస్తుందని తెలుస్తుంది.

ఒకే వాక్యాన్ని పలు వరుసలు ఒకదాని తరువాత ఒకటి అందుకొని అల్లుకునే రూపం ఫ్యూగ్. దాన్ని చివరికి ఉంచాను, ఎందుకంటే దానికి పై సాధనంతా కావాలి. బాఖ్ కీబోర్డు వాద్యానికి రాసిన 1722 నాటి వెల్ టెంపర్డ్ క్లావియర్ మొదటి సంపుటంలోని సి మైనర్ ఫ్యూగ్ తీసుకోండి. ఇందులో మూడు గొంతులు, అంటే మూడు స్వతంత్ర వరుసలు. విషయవాక్యాన్ని కీరవాణి స్వరాలలో ముందు మీరే పాడుకోండి: స ని స ప ద, స ని స రి ప, స ని స రి మ ప ద ప మ గ. దీనిని మధ్య గొంతు ఒంటరిగా పలుకుతుంది. పై గొంతు పంచమం నుంచి అదే వాక్యాన్ని అందుకోవడాన్ని జవాబు అంటారు. అచ్చుగుద్దినట్టు వస్తే జవాబులో నాలుగో స్వరం రిషభం కావాలి, బాఖ్ అక్కడ షడ్జమం వేశాడు, శ్రోత సొంతింటిని అప్పుడే మరిచిపోకుండా. ఈలోగా మధ్య గొంతు ఊరుకోదు. వేగంగా అవరోహించే మరో వరుసను దానికి జోడిస్తుంది, అది ప్రతివిషయం. మూడోసారి వాక్యం కింది గొంతులో వస్తుంది. రాగం తానం పల్లవిలో ఒకే వాక్యాన్ని ఒకరి తరువాత ఒకరు నెరవు చేస్తారు, ఇక్కడ ముగ్గురూ ఒకే సమయంలో మాట్లాడతారు. అందుచేత ఒక్క విడతలో అన్నీ వినాలని ప్రయత్నించకండి. మొదటిసారి విషయవాక్యం ఎన్నిసార్లు వచ్చిందో మాత్రమే లెక్కపెట్టండి, రెండోసారి ప్రతివిషయాన్ని, మూడోసారి కింది గొంతును మాత్రమే వినండి. ఆ మూడో వినికిడిలో చివరి మూడు ఆవృత్తాల దగ్గర జాగ్రత్తగా ఉండండి. అంతదాకా నడుస్తూ వచ్చిన కింది గొంతు మంద్ర షడ్జమంపై తంబురాలాగా నిలబడిపోతుంది. దాని మీద పై గొంతు విషయవాక్యాన్ని ఆఖరుసారి పలికి, అంతర గాంధారంతో ముగిస్తుంది.