దసరా ఆఫరులో మొదటి ప్లాటు కొనబోయేవారికి

ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే వెంచర్ల వారి ఫోన్లు మొదలవుతాయి. దసరా నాటికి ఊపిరి సలపనివ్వవు. ఆదివారం ఉచిత ఏసీ బస్సు, సైటులో షామియానా కింద బిర్యానీ, ఆ రోజే టోకెన్ ఇచ్చినవారికి బంగారు నాణెం. బస్సులో మీ పక్కన కూర్చుని "మేం పోయినసారి ఒకటి తీసుకున్నాం, రెట్టింపయింది" అనే పెద్దమనిషి నిజంగా కొన్నవాడో, కంపెనీ మనిషో తెలుసుకునే మార్గం ఉండదు. పెట్టుబడి కోసం మొదటిసారి స్థలం కొనేవారికి ఏడాది మొత్తంలో ఇదే గండం. ధర కాస్త ఎక్కువ పెట్టినా కొన్నేళ్లకు సర్దుకుంటుంది. చిక్కున్న కాగితం మీద కొంటే పిల్లల తరానికీ సర్దుకోదు. అందుకే చెక్కుబుక్కు ఇంట్లో పెట్టి బస్సెక్కండి. డబ్బు పంపే యాప్ ఫోనులోనే ఉంది కదా అంటారా, దానికి నా దగ్గర మందు లేదు.

ఇదంతా చేతులు కాలాక చెబుతున్నదే. 2013లో హైదరాబాద్ శివార్లలో 200 గజాలు తీసుకున్నాను. లేఅవుటుకు అనుమతి ఉందన్నారు, నంబరు చూపించారు, అదీ నిజమే. అది తాత్కాలిక అనుమతా, తుది అనుమతా అని మాత్రం నేను అడగలేదు. రోడ్లు, మురుగు కాలువలు, కరెంటు పూర్తి చేస్తామన్న హామీగా లేఅవుటు వేసేవారు ప్లాట్లలో 15 శాతం విస్తీర్ణాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. పనులు పూర్తయి తుది అనుమతి వస్తేనే అవి విడుదలవుతాయి. నాకు అంటగట్టింది ఆ తనఖా ప్లాట్లలో ఒకటి. డబ్బంతా కట్టి, రిజిస్ట్రేషన్ కోసం మూడేళ్లకు పైగా తిరిగాను. ఏ ప్లాట్లు తనఖాలో ఉన్నాయో అనుమతి పత్రం, దానితో వచ్చే లేఅవుటు ప్లాను చూస్తే తెలిసిపోతుంది. రెండు నిమిషాల పని. నేను చూసింది మాత్రం రంగురంగుల బ్రోచరు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ముందుకు వెళ్లకండి. 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 600 గజాలకు మించిన లేఅవుటు ఏదైనా 2016 నాటి రెరా చట్టం కింద నమోదు కావాలి. నమోదుకు ముందు ప్రకటన ఇవ్వడం, బుకింగు తీసుకోవడం రెండూ నేరమే. "ప్రీ లాంచ్ ధర" అన్న మాటకు అర్థం ఇక వేరే చెప్పనక్కర్లేదు. నమోదైన ప్రాజెక్టులో కూడా అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. నంబరు కరపత్రం మీద ఉంటే చాలదు. రెరా వెబ్‌సైటులో వెతికి, సర్వే నంబర్లు, ప్లాట్ల సంఖ్య సరిపోతున్నాయో చూడండి. పక్క వెంచరు నంబరు వేసుకుని అమ్మేవారూ ఉన్నారు. "నెలనెలా అద్దె ఇస్తాం, మూడేళ్లకు మేమే తిరిగి కొంటాం" అనే మాటలు వినిపిస్తే అక్కడ అమ్ముతున్నది స్థలం కాదని గ్రహించండి. మీ డబ్బును వడ్డీకి తీసుకుంటున్నారు, అంతే.

కాగితాల్లో అందరూ చూసేది ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి ఉన్న లావాదేవీలు ఆన్‌లైనులో దొరుకుతాయి, కనీసం 30 ఏళ్లకు తీయండి. అయితే ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. కోర్టు కేసు, నోటి మాట పంపకాలు, తెల్లకాగితం ఒప్పందాలు అందులో ఉండవు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కూడా ఒక్కోసారి కనిపించదు. అందుకే అసలు దస్తావేజులు కళ్లతో చూడాలి. లింకు డాక్యుమెంట్లన్నీ వరుసగా పేర్చుకుని, ఒకరి నుంచి మరొకరికి ఎలా వచ్చిందో చదవాలి. జీపీఏ, అంటే యజమాని తన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి రాసిచ్చిన అధికార పత్రం, ఒక్కటే చూపిస్తే ఆగండి. దానితో ఆస్తి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది.

ఆడపిల్లల సంతకాల సంగతి వేరుగా చెప్పాలి. తాతల భూమిని కొడుకులు మాత్రమే అమ్మిన దస్తావేజు మన దగ్గర ఊరికొకటి ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల్లోనే వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. పాతికేళ్ల కిందట అత్తవారింటికి వెళ్లిన ఆడపడుచు, ఎకరం కోట్లు పలుకుతోందని తెలిసిన రోజు కోర్టుకు వస్తుంది. ఆవిడ తప్పేమీ లేదు. అమ్మేవారి వంశవృక్షం రాయించి, ప్రతి కూతురి సంతకం ఉందా అని అడగండి. మర్యాదగా ఉండదని ఊరుకోవద్దు.

అసైన్డ్ భూమి జోలికి మాత్రం వెళ్లకండి. పేదలకు ఇచ్చిన ఆ భూములను కొన్నవారికి 1977 చట్టం ప్రకారం హక్కు రాదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. తర్వాత వచ్చిన సడలింపులు చూపి అమ్మజూపితే, అమ్మేవారు చెప్పిన వకీలు దగ్గరకు కాకుండా మీ సొంత వకీలు దగ్గరకు వెళ్లండి. రిజిస్ట్రేషన్ల శాఖ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడడానికి రూపాయి ఖర్చు లేదు.

స్థలాన్ని ఎండాకాలంలో చూస్తే అన్నీ మెరకలే. గట్టి వాన పడిన మర్నాడు, బస్సు లేకుండా మీరే వెళ్లండి. మోకాలి లోతు నీళ్లు నిలిస్తే ఆ ఊరి రైతును అడగండి, చెరువు ఎక్కడి దాకా వచ్చేదో వేలెత్తి చూపిస్తాడు. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) పరిధిలో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫరుగా వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక కూలిన కట్టడాల్లో రిజిస్ట్రేషన్ కాగితాలు, పన్ను రసీదులు ఉన్నవీ ఉన్నాయి.

డబ్బు లెక్క నిజాయితీగా వేసుకోండి. 25 లక్షల ప్లాటుకు 25 లక్షలతో సరిపోదు. రిజిస్ట్రేషన్ ఖర్చులు రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికి ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టి కట్టవలసింది కొనేవారే. ప్లాటు నెలకు రూపాయి అద్దె తేదు. ఆ 25 లక్షల్లో 15 లక్షలు 9 శాతానికి అప్పు తెస్తే ఏడాదికి లక్షా 35 వేలు వడ్డీయే. జీతం రెండు నెలలు ఆగినా కట్టగలిగితేనే దిగండి, వ్యక్తిగత రుణంతో మాత్రం దిగవద్దు.

"సగం నగదు ఇవ్వండి, రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుంది" అంటారు. 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడేది అమ్మేవారికి. దెబ్బ మాత్రం మీకూ తగులుతుంది. 25 లక్షలకు కొని దస్తావేజులో 12 లక్షలు రాయించారనుకోండి. రేపు మీరు 35 లక్షలు చెక్కుగా తీసుకుని అమ్మితే లాభం 10 లక్షలు కాదు, 23 లక్షలని లెక్క తేలుతుంది. రెండేళ్లు దాటాక అమ్మినా 12.5 శాతం పన్ను చొప్పున, లేని లాభం మీద లక్షా 60 వేలకు పైగా కడతారు. ఒప్పందం చెడితే ఆ నగదు ఇచ్చినట్టు ఆధారమూ ఉండదు.

రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు పాతించండి, చుట్టూ కంచె వేయించండి, పేరు రాసిన బోర్డు పెట్టండి. ఖాళీ స్థలం పన్ను మీ పేరుకు మార్పించుకుని ఏటా కట్టండి. ఎడమ, కుడి, వెనుక ప్లాట్ల యజమానుల ఫోను నంబర్లు రాసుకోండి. నా ప్లాటులో ఎవరో ఇసుక దింపారని నాకు మొదట చెప్పింది, కరీంనగర్‌లో ఉండే వెనుక ప్లాటు ఆయనే.