ఆసుపత్రి నుంచి ఏజ్డ్ కేర్‌కు మందుల వివరాలు – 3వ పాఠం: జాబితాలో కనబడని మందు

పోయిన పాఠంలో డిశ్చార్జ్ సమ్మరీ (ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే వివరాల కాగితం) చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు దాన్ని హోములోని పాత మందుల చార్టుతో సరిచూద్దాం. ఆస్ట్రేలియా ఏజ్డ్ కేర్ హోముల్లో (వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో) పనిచేసే మన తెలుగు నర్సులకు ఇది తరచూ పడే పనే.

శుక్రవారం సాయంత్రం ఒక పెద్దావిడ ఆసుపత్రి నుంచి హోముకు తిరిగొచ్చారనుకోండి. పాత చార్టులో బీపీ మందు పెరిండోప్రిల్ 5 మి.గ్రా. ఉదయం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అపిక్సబాన్ 5 మి.గ్రా. రెండు పూటలా ఉన్నాయి. కొత్త సమ్మరీలో అపిక్సబాన్ ఉంది, పెరిండోప్రిల్ లేదు.

బీపీ పడిపోయి పూర్తిగా ఆపేసి ఉండవచ్చు. కిడ్నీలు కోలుకునేదాకా పక్కన పెట్టి ఉండవచ్చు. రాయడమే మరిచిపోయి ఉండవచ్చు. కాగితం చూసి ఇందులో ఏదో చెప్పలేం, ఊహించకూడదు కూడా. వార్డుకు ఫోన్ చేసి ఇలా అడగండి: “పెరిండోప్రిల్ ఆపేశారా, కొన్నాళ్లు నిలిపారా? ఎందుకు? మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది ఎవరు, ఎప్పుడు చూడాలి?” చెప్పినవారి పేరు, హోదా, టైము రాసుకుని, జీపీకి (ఆవిడను మామూలుగా చూసే డాక్టరుకు) తెలియజేయండి. మార్పుకు కారణం రాయని సమ్మరీ నా దృష్టిలో సగం సమ్మరీయే.

అసలు ప్రమాదం ట్రాలీలో ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లకముందు ఫార్మసీ కట్టిచ్చిన వెబ్‌స్టర్ ప్యాక్ (రోజు, పూటల వారీగా మాత్రలు సర్దిన ప్యాక్) ఇంకా అక్కడే ఉంటే, ఆపిన పెరిండోప్రిల్ రేపు పొద్దున ఆవిడ చేతిలోకి వెళ్లిపోతుంది. ఆ ప్యాక్ వెంటనే పక్కకు తీయండి. మాత్రను మీరే గిల్లి తీసేయొద్దు, ఫార్మసీకి చెప్పి కొత్త ప్యాక్ తెప్పించండి.

అపిక్సబాన్ జాబితాలో ఉంది కదా అని వదిలేయకండి. సాయంత్రం డోసు వార్డులోనే వేశారా? రెండుసార్లు పడితే రక్తస్రావం భయం, తప్పిపోతే గడ్డల భయం. ఆఖరి డోసు ఏ టైముకు వేశారో ప్రతి మందుకూ అడగాలి.

జీపీ సోమవారం దాకా రారు. అందుకే కొన్ని ఆసుపత్రులు కొద్దిరోజుల మందులతో పాటు తాత్కాలిక మందుల చార్టు కూడా పంపుతాయి. పేషెంట్ వార్డు నుంచి బయల్దేరకముందే దాని గురించి అడగండి, తర్వాత తెప్పించడం చాలా కష్టం. మై హెల్త్ రికార్డ్ (పేషెంట్ ఆన్‌లైన్ ఆరోగ్య రికార్డు) కూడా చూడండి, కానీ అందులో అన్నీ ఎక్కించి ఉంటాయని నమ్మకండి.

అభ్యాసం: సమ్మరీలో “మెథోట్రెక్సేట్ 10 మి.గ్రా.” అని మాత్రమే ఉంది. కీళ్లవాతానికి ఈ మందు వారానికి ఒక్కసారే వేస్తారు, రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. వార్డును అడగాల్సిన ప్రశ్నలు రాయండి. వచ్చే పాఠంలో వాటితోనే మొదలుపెడదాం.