డైలాగ్ పెట్టెలతో జావా, 6వ పాఠం: క్యాన్సిల్ కూడా జవాబే

ఈసారి పూర్తిగా కాలమానాల మార్పిడి చెప్పాలని అనుకున్నాను. అందులో కొంతే కుదిరేలా ఉంది. గత పాఠంలోని చిన్న ప్రోగ్రాము, నిమిషాలు అడిగి గంటలుగా చూపించేది, మీలో చాలామంది దగ్గర ఆగిపోయింది. కొందరి దగ్గర ఆగకుండా తప్పు జవాబు చెప్పింది, అది ఇంకా ప్రమాదం. ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

క్లాసు, మెయిన్, స్వింగ్ (తెర మీద పెట్టెలు చూపించే జావా లైబ్రరీ) ఇంపోర్టు లైను మళ్లీ రాయను. ఎప్పటిలాగే జావా పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో వేయండి. వేరియబుల్ పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచుకోవచ్చు. నిమిషాలు, మొత్తం, జవాబు వంటి పేర్లకు జావా ఏ అభ్యంతరమూ చెప్పదు. ఫైలును యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలను కూడా దాచగల ఎన్‌కోడింగ్) భద్రపరిస్తే చాలు. జావా 18 నుంచి కంపైలర్ తనంతట తానే ఆ ఎన్‌కోడింగ్‌ను అనుకుంటుంది. అంతకు ముందు వెర్షన్లు వాడుతున్నవారు కంపైల్ చేసేటప్పుడు దాన్ని చెప్పడం మంచిది.

తలుపు లేని పెట్టె

మీరు పంపిన ప్రోగ్రాముల్లో ఎక్కువగా కనిపించిన రూపం ఇది. ఆగని వైల్ లూపు, దాని లోపల ట్రై, ట్రైలో షోఇన్‌పుట్‌డైలాగ్ (జవాబు అడిగే పెట్టె), పార్స్‌ఇంట్ (అక్షరాలను పూర్ణసంఖ్యగా మార్చేది), లెక్క, షోమెసేజ్‌డైలాగ్ (జవాబు చూపే పెట్టె) అన్నీ. ట్రైలో వచ్చిన ఎర్రర్‌ను పట్టుకునే క్యాచ్‌లో ఒకే మాట: "సంఖ్య తప్పు, మళ్లీ ఇవ్వండి." చూడటానికి జాగ్రత్తగా రాసినట్టే ఉంటుంది. అక్షరాలు కొట్టినా, ఖాళీగా ఓకే నొక్కినా ప్రోగ్రాము కూలిపోదు. ఇప్పుడు క్యాన్సిల్ నొక్కండి. "సంఖ్య తప్పు" అంటుంది, మళ్లీ అడుగుతుంది. మూలన ఉన్న అడ్డగుర్తు నొక్కండి, ఎస్కేప్ మీట నొక్కండి. మళ్లీ అదే. వాడుతున్న మనిషికి బయటికి దారి లేదు. మీరైతే ఎడిటర్‌లోని ఎర్ర చతురస్రం నొక్కి ఆపుకుంటారు. మీ ప్రోగ్రాము అందుకున్న మేనమామ టాస్క్ మేనేజర్ తెరిచి దాన్ని చంపాలా?

ఈ ఒక్క విషయంలో నేను పట్టు విడవను. క్యాన్సిల్ నొక్కిన మనిషి తప్పు చేయలేదు, "నాకు వద్దు" అని చెప్పాడు. అది జవాబే. ప్రోగ్రాము దాన్ని విని, మర్యాదగా ముగిసిపోవాలి.

లోపల ఏం జరుగుతోందో చూడండి. షోఇన్‌పుట్‌డైలాగ్ మనకు ఇచ్చేది సంఖ్య కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. వచ్చే జవాబులు మూడు రకాలు. మనిషి ఏదో కొట్టి ఓకే అంటే ఆ అక్షరాలు వస్తాయి. ఏమీ కొట్టకుండా ఓకే అంటే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది, అంటే పొడవు 0 ఉన్న స్ట్రింగ్. క్యాన్సిల్, ఎస్కేప్, అడ్డగుర్తు, ఈ మూడింటికీ నల్ వస్తుంది. అంటే అసలు స్ట్రింగే లేదు. ఖాళీకీ నల్‌కూ మధ్య తేడా ఇక్కడ చాలా ముఖ్యం. ఒకరు మర్చిపోయారు, ఇంకొకరు వద్దన్నారు. కానీ పార్స్‌ఇంట్‌కు ఈ రెండూ ఒకటే. ఖాళీ స్ట్రింగ్ ఇచ్చినా నల్ ఇచ్చినా నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షనే ("ఇది సంఖ్య కాదు" అన్న ఎర్రర్) విసురుతుంది. అందుకే క్యాచ్ దాకా వచ్చాక ఎవరు ఏమన్నారో తెలుసుకునే వీలు పోతుంది. దశాంశ సంఖ్యగా మార్చే పార్స్‌డబుల్ మరో దారి పడుతుంది: నల్ ఇస్తే నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్ విసురుతుంది. పార్స్‌ఇంట్ తీసి పార్స్‌డబుల్ పెట్టగానే అదే ప్రోగ్రాము కూలిపోయిందని రాసినవారికి కారణం ఇదే. మీ క్యాచ్ పట్టుకునేది నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్‌ను మాత్రమే.

దానికి మందుగా క్యాచ్‌లో ఎక్సెప్షన్ అని రాసి అన్నిటినీ పట్టేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రేపు మీ లెక్కలో సున్నాతో భాగించే పొరపాటు ఉన్నా అది "సంఖ్య తప్పు" అన్న మాట వెనకే దాక్కుంటుంది. తప్పు మీది, నింద వాడినవారిది.

సరైన క్రమం ఇది:

జవాబు = జేఆప్షన్‌పేన్.షోఇన్‌పుట్‌డైలాగ్("నిమిషాలు ఎన్ని?");
ఇఫ్ (జవాబు == నల్) రిటర్న్;
జవాబు = జవాబు.స్ట్రిప్();
ఇఫ్ (జవాబు.ఈజ్‌ఎంప్టీ()) మళ్లీ అడుగు;
ఆ తర్వాతే ట్రై, ట్రైలో ఒకే ఒక్క లైను: పార్స్‌ఇంట్.

రెండో లైనూ మూడో లైనూ తారుమారు చేస్తే నల్ మీద స్ట్రిప్ పిలిచినట్టవుతుంది, ప్రోగ్రాము అక్కడే కూలుతుంది. నల్ చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టినవారు కూడా ఉన్నారు. అలా రాస్తే అది నాలుగు అక్షరాల మామూలు మాట, క్యాన్సిల్‌తో దానికి సంబంధం లేదు. నల్‌ను పోల్చడానికి రెండు సమాన గుర్తులు వాడటం సరైనదే. రెండు స్ట్రింగుల్లోని అక్షరాలను పోల్చడానికి మాత్రం ఈక్వల్స్ వాడాలి. స్ట్రిప్ జావా 11లో వచ్చింది, అది లేనివారు ట్రిమ్ వాడుకోండి.

స్ట్రిప్ ఎందుకంటారా? అది ముందూ వెనకా ఉన్న ఖాళీలను తీసేస్తుంది. 90 తర్వాత పొరపాటున స్పేస్‌బార్ తగిలితే పార్స్‌ఇంట్ ఒప్పుకోదు. 1,440 అని కామాతో రాసినా ఒప్పుకోదు. అదే పార్స్‌ఇంట్ ౯౦ అని తెలుగు అంకెలు వేస్తే మాత్రం చక్కగా 90గా తీసుకుంటుంది. యూనికోడ్‌లో ఉన్న దశాంశ అంకెల్లో చాలావరకు దానికి తెలుసు. పార్స్‌డబుల్‌కు ఆ విద్య రాదు. మీ పెట్టెలో తెలుగు అంకెలు వేసి చూడండి, నాకైతే చాలా ఇష్టమైన సంగతి ఇది.

ఒకటిన్నర గంట 6030 నిమిషాలు అయిన వైనం

గంటలు 1, నిమిషాలు 30 ఇస్తే 90 రావాలి. కొందరికి 6030 వచ్చింది. లైను ఇలా ఉంది:

"మొత్తం నిమిషాలు: " + గంటలు * 60 + నిమిషాలు

గుణకారం ముందు జరిగింది, 60 వచ్చింది. ఆ తర్వాత ఎడమ నుంచి కుడికి వెళ్తే మొదటి ప్లస్‌కు ఎడమన స్ట్రింగ్ ఉంది. కాబట్టి అది కూడిక కాదు, అతికింపు. 60 అతుక్కుంది, దాని పక్కన 30 అతుక్కుంది. లెక్కకు బ్రాకెట్లు పెడితే సరిపోతుంది, కానీ నేను బ్రాకెట్లు కూడా పెట్టను. లెక్కను ముందే ఒక ఇంట్‌లో (పూర్ణసంఖ్య దాచే వేరియబుల్) వేసుకుని, మెసేజ్‌లో ఆ పేరు మాత్రమే రాస్తాను. మెసేజ్ లైనులో లెక్కలు చేయకూడదన్నది నా నియమం.

ఒకే సంఖ్య, అతిచిన్న కొలత

మార్పిడి అసలు రెండు లైన్లే. మొత్తం / 60 అంటే గంటలు, మొత్తం % 60 అంటే మిగిలిన నిమిషాలు. ఇంట్‌లో భాగహారం శేషాన్ని వదిలేస్తుందని మూడో పాఠంలోనే చూశాం. 125 ఇస్తే 2 గంటల 5 నిమిషాలు. 2:05 అని చూపించాలంటే నిమిషాలు 10 కంటే తక్కువైనప్పుడు ముందు ఒక "0" అతికించండి. -90 ఇస్తే -1 గంట, -30 నిమిషాలు వస్తాయి. నిడివి అడిగేచోట సున్నా కంటే తక్కువ సంఖ్యను తీసుకోకండి, మళ్లీ అడగండి.

కాలాన్ని డబుల్‌లో, అంటే దశాంశ సంఖ్యగా, దాచకండి. మన పత్రికలు, ఆహ్వాన పత్రికలు 2.30 గంటలకు అని చుక్క పెట్టే రాస్తాయి. మీ పెట్టె "ఎన్ని గంటలు?" అని అడిగితే మన మనిషి రెండున్నర ఉద్దేశంతో 2.30 అని కొడతాడు. పార్స్‌డబుల్ దాన్ని 2.3 గంటలుగా చదివి 2 గంటల 18 నిమిషాలు చేస్తుంది. ఎర్రర్ రాదు, ఎవరికీ అనుమానం కూడా రాదు. 12 నిమిషాలు మాయం. అందుకే గంటలకు ఒక పెట్టె, నిమిషాలకు ఒక పెట్టె పెట్టండి. తీసుకున్న వెంటనే రెండింటినీ కలిపి నిమిషాల్లో ఒకే సంఖ్య చేయండి. కూడికలు, తీసివేతలు అన్నీ ఆ సంఖ్య మీదే జరగాలి. గంటలుగా విడగొట్టడం చూపించే క్షణంలో మాత్రమే.

దీని లాభం అర్ధరాత్రి దాటినప్పుడు తెలుస్తుంది. బస్సు రాత్రి 10:15కు బయలుదేరి తెల్లవారి 5:40కి చేరింది. బయలుదేరింది 1335వ నిమిషం, చేరింది 340వ నిమిషం. తీసివేస్తే -995. రోజుకు 1440 నిమిషాలు కాబట్టి:

ప్రయాణం = (చేరిక - బయలు + 1440) % 1440

జవాబు 445, అంటే 7 గంటల 25 నిమిషాలు. "చేరిక చిన్నదైతే ఇలా, పెద్దదైతే అలా" అని ఇఫ్‌లు రాయాల్సిన పని లేదు. గంటలను, నిమిషాలను విడివిడిగా తీసివేసి, అప్పు తెచ్చుకుని, పేజీ నిండా ఇఫ్‌లు రాసినవారు ఈ ఒక్క లైనుతో పోల్చి చూసుకోండి. ప్రయాణం 24 గంటలకు లోపు ఉన్నంతవరకు ఇది చాలు.

న్యూజెర్సీలో ఉన్న పిల్లలకు ఫోను చేసే వేళ చూపించే ప్రోగ్రాము రాస్తామని ఇద్దరు ముగ్గురు అన్నారు. చలికాలంలో వాళ్లు మనకంటే 630 నిమిషాలు వెనక. హైదరాబాదులో ఉదయం 7 అయితే (420 - 630 + 1440) % 1440, అంటే 1230, అక్కడ ముందురోజు రాత్రి 8:30. లెక్క సరిగ్గానే ఉంది, కానీ 630 అన్న అంకెను ప్రోగ్రాములో పాతిపెట్టకండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. ఆ మధ్య కాలమంతా తేడా 570 నిమిషాలే. మన గడియారం జరగదు. ఇలాంటి పనికి 2014లో జావా 8తో వచ్చిన జావా.టైమ్ ప్యాకేజీలోని జోన్డ్‌డేట్‌టైమ్ ఉంది. ఆసియా/కోల్‌కతా, అమెరికా/న్యూ_యార్క్ అన్న మండలాల పేర్లు ఇస్తే అది చూసుకుంటుంది. దాన్ని తర్వాతి పాఠంలో తీసుకుంటాను.

12 గంటల పద్ధతిలో చూపించేటప్పుడు గంట % 12 వేయండి, 0 వస్తే 12 చేయండి. అర్ధరాత్రికీ మధ్యాహ్నానికీ ఇదే నియమం.

ఇంకొక్క మాట. 80 ఏళ్ల అమ్మమ్మ వయసును సెకన్లలో చూపించబోతే -1772087296 వచ్చిందని ఒకరు రాశారు. ఇంట్ 2147483647 వరకే మోయగలదు, అది 68 ఏళ్ల సెకన్ల కంటే కొంచెమే ఎక్కువ. జవాబు వేసుకునే వేరియబుల్‌ను లాంగ్ (ఇంకా పెద్ద పూర్ణసంఖ్యలు పట్టేది) చేస్తే సరిపోదు, ఎందుకంటే గుణకారం అప్పటికే ఇంట్‌లో జరిగి చెడిపోయి ఉంటుంది. గుణించే మొదటి సంఖ్యే లాంగ్ కావాలి.

అభ్యాసం

ఈసారి ఒక్కటే, కానీ కష్టమైనది. పంచాంగంలో తిథి ఎప్పటిదాకా ఉందో ఘడియలు, విఘడియల్లో ఇస్తారు. ఆ లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది. 60 ఘడియలు ఒక రోజు, కాబట్టి ఘడియ అంటే 24 నిమిషాలు. 60 విఘడియలు ఒక ఘడియ, కాబట్టి విఘడియ అంటే 24 సెకన్లు. సూర్యోదయం గంట, నిమిషం, ఆపై ఘడియలు, విఘడియలు నాలుగు పెట్టెల్లో అడిగి, తిథి ముగిసే గడియారపు వేళ చూపించాలి.

విఘడియలను నిమిషాలుగా మార్చడానికి 24 / 60 * విఘడియలు అని రాస్తే ఎప్పుడూ 0 వస్తుంది, ఎందుకంటే ఇంట్‌లో 24 / 60 సున్నా. అన్నీ సెకన్లలోకి తెచ్చుకోండి: ఘడియకు 1440, విఘడియకు 24. నాలుగు పెట్టెల్లో దేని మీద క్యాన్సిల్ నొక్కినా ప్రోగ్రాము చప్పుడు లేకుండా ముగియాలి. తప్పు సంఖ్య ఇస్తే ఆ పెట్టెనే మళ్లీ అడగాలి, మొదటి నుంచి కాదు. అడగడం, సరిచూడటం ఒకే మెథడ్‌లో రాసి నాలుగుసార్లు పిలవండి. ఆ మెథడ్ ఇంట్ ఇవ్వాలా, నల్ కూడా పట్టే ఇంటిజర్ ఇవ్వాలా అన్నది మీరే ఆలోచించండి.

అర్ధరాత్రి దాటితే శుభలేఖల్లో రాసే పద్ధతి పాటించండి. సూర్యోదయం దాకా పంచాంగానికి అదే వారం కాబట్టి "బుధవారం రాత్రి 2:18, తెల్లవారితే గురువారం" అన్న తీరులో రావాలి. వారం పేరు కోసం ఐదో పెట్టె పెట్టుకోండి.

సరిచూసుకోవడానికి: సూర్యోదయం 6:05, ఘడియలు 23, విఘడియలు 40 ఇస్తే మధ్యాహ్నం 3:33 రావాలి. సూర్యోదయం 5:48, ఘడియలు 51, విఘడియలు 15 ఇస్తే రాత్రి 2:18, తెల్లవారితే మర్నాటి వారం. ఈ రెండూ వచ్చాక మూడో పెట్టెలో క్యాన్సిల్ నొక్కి చూసి, అప్పుడు పంపండి.